బందరు ఉండగా మదరాసు ఎందుకు? కోరమాండల్ తీరపు రేవులు, వాటిని నడిపిన మనుషులు

అడయారు విద్యార్థిని

చెన్నైలోని తెలుగు మిత్రులందరికీ నమస్కారం. వచ్చే నెల మన సమావేశంలో ఆంధ్ర తీరపు పాత రేవుల చరిత్ర గురించి ప్రసంగించే బాధ్యత నా మీద పెట్టారు. చదివినకొద్దీ ఒక చిక్కు మాత్రం విడిపోవడం లేదు. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. 1605లో డచ్చివారూ, 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషువారూ ఆ తీరానికే వచ్చి వర్తకం మొదలుపెట్టారు. అంత పేరున్న బందరును పక్కన పెట్టి, 1639లో స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర సంపాదించుకున్న మదరాసు ఇసుక నేలలో ఇంగ్లీషువారు మరుసటి ఏడు కోట కట్టడం మొదలుపెట్టారు. 1641 నాటికి ఈ తీరంలోని తమ వ్యవహారాల కేంద్రాన్నే మచిలీపట్నం నుంచి అక్కడికి మార్చుకున్నారు. ఆ చోట ఓడ నిలవడానికి చాటు లేదు, ఓడ లోపలికి రాగల నది లేదు. మంచి రేవు కోసం వచ్చారని అనడానికి అక్కడ రేవే లేదు. మరి దేని కోసం వచ్చినట్టు? వారితోపాటు వచ్చిన తెలుగువారు ఎవరు? తెలిసినవారు చెప్పగలరు.

కృష్ణాతీరం

మీ ప్రశ్నలోనే ఒక ఊహ దాగి ఉంది. మచిలీపట్నంలో మంచి రేవు ఉండేదని మీరు అనుకుంటున్నారు. అక్కడా లేదు. కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్ల అక్కడి సముద్రం చాలా దూరం వరకు లోతు లేనిది. పెద్ద ఓడలు తీరానికి మైళ్ల దూరంలో లంగరు వేసుకుంటే, చిన్న పడవలు ఉప్పుటేటి గుండా సరుకును చేరవేసేవి. మదరాసులోనూ అంతే, కాకపోతే అక్కడ ఒండ్రుకు బదులు విరిగిపడే అలలు. అలల దెబ్బకు మేకులు కొట్టిన పడవలు పగిలిపోతాయి కాబట్టి, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనుషులనూ మూటలనూ ఒడ్డుకు దించేవారు. తెరచాప ఓడల కాలంలో ఈ తీరమంతటా పరిస్థితి దాదాపు ఇదే. అందువల్ల ఏ రేవు మంచిదన్న దానికన్నా ఏ రేవు వెనక ఏ నాడు ఉంది, అక్కడ ఏ సరుకు దొరుకుతుంది, దాన్ని ఎవరు కాపాడతారు అన్నవే వర్తకుడు చూసుకునేవాడు.

ఆ సరుకు బట్ట. ఆగ్నేయాసియా దీవుల్లో మిరియాలు, జాజికాయ, లవంగాలు అమ్మేవారు వెండి కన్నా మన తీరపు నూలు బట్టనే కోరేవారు. డచ్చివారు 1613లో పులికాట్ దగ్గర గెల్డ్రియా కోటను కట్టుకున్నది ఈ బట్ట కోసమే. ఇంగ్లీషువారికి మచిలీపట్నంలో డచ్చివారి పోటీ ఒక బాధ, స్థానిక అధికారుల వసూళ్లు మరొక బాధ. 1626లో నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో ఒక స్థావరం పెట్టి చూశారు. ఆ స్థావరాన్ని వాళ్లు ఆర్మగాన్ అనేవారు. అక్కడ కావలసినంత బట్ట దొరకలేదు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఏటా 500 వరహాలు తీసుకుని తన రేవుల్లో స్వేచ్ఛగా వర్తకం చేసుకోమని ఫర్మానా ఇచ్చాడు. అయినా సొంత కోట లేకపోవడం వారిని వేధిస్తూనే ఉంది. ఆర్మగాన్‌లో ఉన్న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెళ్లి, మదరాసు ప్రాంతంలో బట్ట ఇతర చోట్ల కన్నా నూటికి ఇరవై వంతులు చవక అని తన పైవారికి రాశాడు. వెంకటాద్రి నాయకుడు కోట కట్టుకోనిచ్చాడు, నాణేలు ముద్రించుకోనిచ్చాడు. ఇంగ్లీషువారికి ఈ రెండు కారణాలే చాలాయి. రేవు సంగతి తర్వాత చూసుకోవచ్చునన్నారు. నిజానికి రెండు వందల ఏళ్లకు పైగా చూసుకోలేదు.

పెరంబూరు పంతులు

కృష్ణాతీరం గారు ‘ఎవరు కాపాడతారు’ అన్న మాటను దాటవేయకుండా కాసేపు అక్కడ ఆగాలని నా మనవి. ఈ తీరంలో ఆ ప్రశ్నకు అందరికన్నా ముందు స్పష్టంగా జవాబు రాయించినవాడు కాకతీయ గణపతిదేవుడు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో 1244 నాటి ఆయన అభయ శాసనం ఉంది. పూర్వపు రాజుల కాలంలో ఒక దుర్మార్గపు ఆచారం ఉండేది: ఒక దేశం నుంచి మరొక దేశానికి బయలుదేరిన ఓడ గాలివానకు పగిలి, వేరే ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ ఒడ్డు రాజు బలవంతంగా తీసుకునేవాడు. ధనం వర్తకులకు ప్రాణం కన్నా ఎక్కువ అని, సముద్రాన్ని దాటే సాహసం చేసేవారి మీద దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ తాను నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలిపెడుతున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతుల మీదా దిగుమతుల మీదా సుంకం ముప్పైకి ఒకటి. ఆ తర్వాత చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు అంటూ ఒక్కొక్క సరుకు మీద ఎంతెంత తీసుకోవాలో కూడా చెక్కించాడు.

నా ఉద్దేశంలో ఈ శాసనానికి ఉన్న విలువ దయ గురించి చెప్పిన వాక్యాల్లో కన్నా ఈ పట్టికలో ఎక్కువగా ఉంది. దయగల రాజు చనిపోతే దయ పోవచ్చు. ఏ సరుకుకు ఎంత కట్టాలో రాతి మీద ఉంటే రేవు అధికారి ఇష్టం వచ్చినంత అడగడానికి వీలుండదు, దూరదేశపు వర్తకుడు బయలుదేరేముందే లాభం లెక్క కట్టుకోగలడు. 13వ శతాబ్ది చివర ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని పిలిచి, అక్కడి వజ్రాలనూ సాలెగూడులా సన్నని బట్టలనూ పొగిడి, రాణి పాలనను మెచ్చుకున్నాడు. కాకతీయుల తర్వాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ వర్తకులకు హామీలిస్తూ శాసనం వేయించవలసి వచ్చిందంటే, మధ్యలో ఆ భరోసా చెదిరిందనే కదా అర్థం. రెడ్డిరాజుల కాలపు వర్తకుడు అవచి తిప్పయసెట్టి హురుముంజి గుర్రాలను, సింహళపు ఏనుగులను, చీనా పట్టును తెప్పించేవాడని శ్రీనాథుడి హరవిలాసం చెబుతుంది; ఆ కావ్యాన్ని ఆయన అంకితమిచ్చింది కూడా ఆ సెట్టికే.

కొట్టుకువచ్చిన ఓడను దోచుకోని రేవుకే ఓడలు వస్తాయి. ఇంగ్లీషువారు మదరాసులో కట్టుకున్న కోటను కూడా ఈ దృష్టితోనే చూడాలి. రాజు ఇచ్చే అభయం మీద నమ్మకం లేనివాడు తన అభయాన్ని తానే ఇటుకలతో కట్టుకున్నాడు.

తీరరేఖ

పెద్దలు అన్నీ రాజుల మీదా సుంకాల మీదా పెడుతున్నారు. ప్రకృతిని ఇంత తేలికగా తీసివేయడం న్యాయం కాదు. మోటుపల్లి నేడు సముద్రపు ఇసుక మధ్య ఒక పల్లెటూరు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. బ్రిటిషువారి కాలంలో మరమ్మతుకు ఈ తీరపు ఓడలు అక్కడికే వెళ్లేవి. 1789లో ఒకసారి, 1839లో మరొకసారి తుపాను వచ్చి సముద్రం ఊరి మీదికి నడిచింది. గోదావరి పాయలు ఇసుకతో పూడుకుపోవడం మరొక పక్క. వర్తకమంతా కాకినాడకు తరలిపోయింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. కోరంగిని పూడ్చిన గోదావరి ఇసుకే కాకినాడ ఎదుట పొడవాటి తిన్నెగా పెరిగి హోప్ ఐలాండ్ అయింది. దాని చాటున కాకినాడ రేవు అలల బెడద లేకుండా బతుకుతోంది. బందరు సంగతి చెప్పనే అక్కర్లేదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని లెక్క. ఏ రాజు, ఏ శాసనం దానికి అభయం ఇవ్వగలదు?

కృష్ణాతీరం

తీరరేఖ గారూ, 1864 నాటి ఉప్పెన వచ్చేసరికే బందరు పెద్ద రేవుగా లేదు. దాని పతనం అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందే మొదలైంది. 1686లో డచ్చివారు గోల్కొండతో తగవుపడి ఆ పట్నాన్నే ఆక్రమించారు. 1687లో ఔరంగజేబు గోల్కొండ కోటను పట్టుకున్నాడు. ఆ తర్వాత హైదరాబాదు నుంచి బందరుకు వచ్చే దారి మీద వర్తకానికి వెనకటి వైభవం మళ్లీ రాలేదు. ఈరాన్ నుంచి వచ్చి వజ్రాల వర్తకుడిగా మొదలై, మచిలీపట్నంలో అధికారం చేసి, సొంత ఓడలు నడిపి, చివరకు గోల్కొండ మంత్రి అయిన మీర్ జుమ్లా వంటివాడు కుతుబ్ షాహీల బందరులోనే తయారు కాగలడు. మొగలుల సుబేదారీలో అది ఒక చివరి ఊరు. 1750 నుంచి 1759 వరకు పరాసులు (ఫ్రెంచివారు), ఆ మీదట ఇంగ్లీషువారు కోట కోసం పోరాడారు గాని, అప్పటికి వారు పోరాడింది ఉత్తర సర్కారుల శిస్తు కోసం. ఉప్పెన ఒక ఊరిని చంపగలదు, నిజమే. అయితే వెనక నాడు బలంగా ఉంటే జనం మళ్లీ కట్టుకుంటారు. మదరాసు కూడా తుపానులకు ఓడలను పోగొట్టుకుంటూనే పెరిగింది.

చింతాద్రిపేట నివాసి

విద్యార్థిని గారు అడిగిన రెండో ప్రశ్న, ‘వారితోపాటు వచ్చిన తెలుగువారు ఎవరు’ అన్నది, ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. మేము తరతరాలుగా చెన్నపట్నంలో ఉన్నవాళ్లం కాబట్టి నాకు ఆ వైపే ఆసక్తి. ఇంగ్లీషువారు బట్టను తాము నేరుగా కొనలేరు. ఊరూరా తిరిగి నేతగాళ్లకు ముందుగా బయానా ఇచ్చి, కొలత ప్రకారం తాను నేయించి, వెలిసిందో పలచబడిందో చూసి, ఓడ వచ్చే వేళకు మూటలు కట్టించే వర్తకుడు కావాలి. తొలి రోజుల్లో ఆ పని చేసినవాడు బేరి తిమ్మన్న, ఫ్రాన్సిస్ డేకు దుబాసీ, అంటే భాష తెలిసిన మధ్యవర్తి. ఊళ్లో చెన్నకేశవ పెరుమాళ్ గుడి కట్టించినది ఆయనే అంటారు. ఆ గుడి ఉన్న చోటు తర్వాత కోటకు రక్షణగా ఖాళీ చేయవలసిన నేలగా తేలడంతో 18వ శతాబ్దిలో దాన్ని తొలగించారు. నేడు హైకోర్టు ఉన్నది ఆ ప్రాంతంలోనే. బదులుగా కట్టిన గుడి జార్జిటౌన్ దేవరాజ ముదలి వీధిలో ఉంది. తిమ్మన్న తర్వాత కంపెనీకి ప్రధాన వర్తకుడైన కాసి వీరన్న 1680లో చనిపోయేదాకా ఇంగ్లీషువారి బట్టల కొనుగోలు అంతా ఆయన చేతుల మీదుగానే నడిచింది. ఆయనకు గోల్కొండ దర్బారులో కూడా చోటుండేది; హసన్ ఖాన్ అన్న పేరుతోనూ వ్యవహరించేవాడు. పులికాట్‌లో డచ్చివారికి అచ్యుతప్ప, చిన్నన్న అనే బలిజ సోదరులు ఇదే పని చేస్తూ, తమ సొంత ఓడలను తూర్పు దీవులకు పంపేవారు. కాబట్టి తెల్లవాడు తెచ్చిన వర్తకంలో మనవారు కూలీలుగా చేరారన్న కథ తప్పు. ఇక్కడ ముందే ఉన్న వర్తకంలోకి తెల్లవాడు వచ్చాడు.

మా పేట సంగతి వేరు. 1734లో, గవర్నర్ మార్టన్ పిట్ కాలంలో, సుంకురామ చెట్టి తోటను తీసుకుని నేతగాళ్లకూ వడికేవారికీ అద్దకం వారికీ ఇళ్లు కట్టించి ఏర్పరచినది చింతాద్రిపేట. అంతకుముందు ఆ చెట్టి కంపెనీకి పెద్ద వర్తకుడే. అభిమానం తప్పిన తర్వాత తోట పోయింది. నేతగాడిని ఊళ్లో కూర్చోబెట్టుకోవాలని అంత తాపత్రయం ఎందుకంటే, అతడు కదిలిపోగలడు. బయానా తిరిగి ఇచ్చేసి మరొక వర్తకుడి దగ్గరకు పోవచ్చు, కరవు వస్తే మగ్గం విప్పుకుని మరొక సీమకు పోవచ్చు. ఈ తీరంలో రేవులు మారడానికి ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

అడయారు విద్యార్థిని

చాలా కృతజ్ఞతలు. బట్ట, బట్ట అని అందరూ అంటున్నారు. మచిలీపట్నం చుట్టుపక్కల బట్టకు అంత పేరు రావడానికి ప్రత్యేకమైన కారణం ఏమైనా ఉందా, లేక అన్ని చోట్లా నేసినదేనా?

పెడన బిడ్డ, పెరంబూరు

ఎరుపు రంగు, అమ్మా. కృష్ణా, గుంటూరు తీరపు నేలల్లో చిరివేరు అనే చిన్న మొక్క వేరు దొరుకుతుంది. నిజాంపట్నం పరిసరాల వేరు అన్నిటికన్నా గాఢమైన ఎరుపును ఇస్తుందని పేరు. దీవుల్లోనూ పారశీక దేశంలోనూ ఆ ఎరుపు ఉతికినా వెలవని రంగుగా గిరాకీ పొందింది. ఈ కలంకారీ పద్ధతి ఇది. ముతక బట్టను ఉతికి గంజి తీసి, కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో నానబెట్టి చేసిన కసింతో నల్ల గీతలు వేస్తారు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పుడు వేరు వేసి ఉడికిస్తే పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగిలినదంతా పారే నీటిలో ఉతికితే పోతుంది. పారే నీరు లేకపోతే ఈ పని లేదు. మచిలీపట్నం దగ్గర కాలువలున్న మా పెడనలో నిలిచిందీ అందుకే. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మా వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. చిరివేరు స్థానంలో కృత్రిమమైన అలిజరిన్ రంగు ఎప్పుడో వచ్చేసింది, దాన్ని మా వాళ్లు దాచుకోరు.

నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో నేయించిన తెల్లబట్ట ఇంగ్లండులో మడపొల్లం అన్న పేరుతో అమ్ముడుపోయింది. ఊరి వాళ్లకే ఆ సంగతి తెలియదు.

రాయపురం రేవు

వర్తకుల పేర్లు, గవర్నర్ల పేర్లు చెప్పుకుంటున్నారు. మూటలు మోసినవారి మాట కూడా చెప్పుకోవాలి. చెన్నపట్నానికి కృష్ణా, నెల్లూరు సీమలతో అసలైన బంధం సముద్రం మీద కన్నా బకింగ్‌హాం కాలువ మీద ఎక్కువగా నడిచింది. 1806లో ఎన్నూరు దాకా తవ్విన కొక్రేన్ కాలువగా మొదలై, అంచెలంచెలుగా ఉత్తరానికి పెరిగి, కృష్ణా గోదావరి కాలువలతో కలిసింది. 1877 నాటి కరవులో కూలి పనిగా తవ్వించిన భాగంతో నగరం గుండా దక్షిణపు కాలువతోనూ జతపడింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి వచ్చింది. గాలి ఉన్నప్పుడు తెరచాప, లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని లాగే మనుషులు. నెల్లూరు బియ్యం, కట్టెలు, ఉప్పు, గుల్ల సున్నం బేసిన్‌బ్రిడ్జి దగ్గర దిగేవి. మా ఇంట్లో పెద్దవాళ్లు కట్టెల పడవల గురించి చెప్పేవారు గాని, రైలు గురించి అంతగా చెప్పేవారు కాదు. రాయపురం స్టేషను 1856 నుంచి మా ఎదుటే ఉన్నా కూడా.

అలాగే ఈ రేవుల నుంచి బయటికి పోయినవారు. కోరంగి, కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి రంగూనుకు ఓడ ఎక్కిన తెలుగువారు అక్కడి రేవు పనికి ఆధారం. బర్మాలో వారిని కోరంగీలనే పిలిచేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో మన కళాసీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మీయులను పనిలోకి తెచ్చి, సమ్మె తీరగానే వారిని పంపివేశారు. ఆ రగడ కొట్లాటగా మారి వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది తెలుగువారే. 1942లో జపానువారు వచ్చినప్పుడు లక్షల భారతీయులతోపాటు వారూ అడవుల గుండా నడిచి తిరిగి వచ్చారు. ఫిజీకి 1903 నుంచి దక్షిణాది కూలీలు ఓడ ఎక్కినది మన మదరాసు రేవులోనే. ప్రసంగంలో శ్రీనాథుడి సెట్టికి ఇచ్చినంత చోటు వీరికీ ఇవ్వాలని కోరుతున్నాను.

పెరంబూరు పంతులు

రాయపురం రేవు గారి మాటతో ఏకీభవిస్తూ, కాలాన్ని ఇంకా వెనక్కి తీసుకుపోతాను. కృష్ణా జిల్లా ఘంటసాలలో దొరికిన శాసనాల్లో ఒకటి శివకుడు అనే మహానావికుడి పేరు చెబుతుంది. రాజూ కాదు, సెట్టీ కాదు, ఓడ నడిపేవాడు. గ్రీకు భౌగోళికుడు టాలెమీ పేర్కొన్న కొంటకోస్సిల ఈ ఘంటసాలేనని పండితులు గుర్తించారు; సువర్ణభూమికి, అంటే ఆగ్నేయాసియాకు, పోయే ఓడలు తీరాన్ని విడిచే చోటు కూడా ఈ ప్రాంతంలోనే అని ఆయన రాశాడు. శాతవాహన యజ్ఞశ్రీ వేయించిన రెండు తెరచాప కొయ్యల ఓడ నాణేలు అందరికీ తెలిసినవే.

అడయారు విద్యార్థిని

ఒక్క సందేహం మిగిలింది. రేవు సహజంగా బాగుండకపోయినా పర్వాలేదన్నది తెరచాపల కాలానికి సరిపోయింది. మరి విశాఖపట్నం? నేడు ఆ తీరంలో పెద్ద రేవు అంటే అదే కదా.

తీరరేఖ

ఇక్కడ ప్రకృతి వాదం మళ్లీ ముందుకు వస్తుంది, అయితే ఆవిరి ఓడలతో. బరువైన ఇనుప ఓడకు రోజుల తరబడి నడిసముద్రంలో నిలిచి, కుట్టు పడవల్లోకి సరుకు దించడం గిట్టుబాటు కాదు. అందుకే మదరాసులో 1861లో సముద్రంలోకి ఒక వారధి కట్టారు, 1875లో అడ్డుగోడలకు శంకుస్థాపన చేశారు. 1881 తుపాను ఆ గోడలను కూల్చితే మళ్లీ కట్టారు. విశాఖలో డాల్ఫిన్ కొండ ముక్కులా సముద్రంలోకి చొచ్చుకుని ఉండడం, దాని వెనక ఉప్పుటేటి పల్లం ఉండడం ఇంజనీర్లకు కలిసివచ్చింది. పల్లాన్ని తవ్వి లోపలి రేవు చేశారు, ప్రవేశం దగ్గర రెండు పాత ఓడలను కావాలనే ముంచి అలలకు అడ్డు పెట్టారు. 1933లో తొలి ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది. 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ జల ఉష అనే ఓడను అక్కడి ఓడల నిర్మాణ కేంద్రం నుంచే నీళ్లలోకి దించారు.

కృష్ణాతీరం గారికి సంతోషం కలిగించే మాట కూడా చెప్పాలి. డాల్ఫిన్ కొండ అంతకుముందు కూడా అక్కడే ఉంది. దాని పక్కన రేవు కట్టాలని పట్టుబట్టింది మధ్య రాష్ట్రాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలనుకున్న రైలు మార్గం.

కృష్ణాతీరం

సంతోషమే. మీ వైపుకు కూడా ఒకటి ఇస్తాను. మచిలీపట్నంలో కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. రాతి అడ్డుగోడలు, లోతైన దారి తవ్వకం లేకుండా అక్కడ పెద్ద ఓడ రాలేదు, తవ్విన దారిలోకి ఒండ్రు రాకుండా చూడడం నిరంతరం చేయవలసిన పని. డచ్చివారు ఓడలను మైళ్ల దూరంలో నిలిపిన ఆ లోతులేని సముద్రం ఇంకా అక్కడే ఉంది. విద్యార్థిని గారూ, ప్రసంగానికి పటం గీస్తున్నట్టయితే తీరరేఖతోపాటు నదీముఖాలను, నేత ఊళ్లను, హైదరాబాదు దారిని, మాంగనీసు రైలును కూడా ఒకే కాగితం మీద గీయండి. రేవుల పేర్లు చివర రాయండి.